డిగ్రీలో మూడో వంతు

పశువుల ఆస్పత్రి నించి క్యాను మోసుకొచ్చినాడు చెంగల్రాయుడు.
ఎద్దుల వీర్యం దాచే ద్రవ నైట్రోజన్‌లో
మా ల్యాబుకు నాలుగు లీటర్ల వాటా.
"పొద్దున ఐదింటికల్లా తిరిగిచ్చేయాలంట మేడం,
పాకాల పక్క ఆవులు ఎదకొచ్చుండాయంట."
తిరుపతిలో మే నెల.
రాత్రి పదకొండైనా గోడమీద చెయ్యి పెట్టలేం.
క్యాను మూత తీస్తే మాత్రం
తెల్లటి పొగ గచ్చుమీద పాకి
అతని హవాయి చెప్పుల్ని వెతుక్కుంటుంది.

రూపాయంత నల్ల బిళ్ళ.
ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్.
ఈసారి ఆక్సిజన్ మామూలుది కాదు.
నాలుగు రోజులు కొలిమిలో కూచోబెట్టి
తేలిక అణువుల్ని బయటికి పంపి
వాటి చోట్లో బరువైన వాటిని దింపినాను.
అదే గుణం, అదే మేనమామ పోలిక,
ఒంట్లో మాత్రం రెండు న్యూట్రాన్లు ఎక్కువ.
బరువెక్కినోడు నిదానంగా ఊగుతాడు.
ఆ ఊగడమే ఎలక్ట్రాన్లకు జత కుదురుస్తుంటే
జత చెదిరిపోయే వేడి ఐదు డిగ్రీలైనా కిందికి రావాల.
ఇదీ నా లెక్క.

"ఊగేదానికీ జతకీ ఏం సంబంధం?" అన్నాడు.
నగిరిలో మా దేశమ్మత్త మరమగ్గాల షెడ్డు చెప్పినాను.
పడుగులో నాడె దూరిపోతుంది గదా,
అది పోయినాక కూడా దారాలు కాసేపు వణుకుతానే ఉంటాయి.
ఎలక్ట్రాన్ అట్లా పోతుంది.
దాని వెనక అణువులు పిసరంత దగ్గిరికి ఒంగుతాయి.
అవి మళ్ళీ నిటారయ్యేలోపు
ఆ ఒంపులోకి ఇంకో ఎలక్ట్రాన్ జారుతుంది.
రెండూ దాయాదులే,
ఎదురుపడితే తోసుకునే రకం.
ఒకటి వదిలిపోయిన వణుకులో
ఇంకోటి కాలు పెట్టింది, అంతే.

రాత్రి రెండు. అంకెలు దిగుతున్నాయి.
నూటపది.
తొంభై ఆరు.
తొంభై రెండు.
ఉన్నపళాన నిరోధం
మెట్టు తప్పినట్టు సున్నాలో పడింది.
పాత బిళ్ళకీ దీనికీ తేడా
డిగ్రీలో మూడో వంతు.

చెంగల్రాయుడు చెవిలో దోపుకున్న బీడీ తీసి
వెలిగించకుండానే అడిగినాడు:
"అయితే ఆ వణుకు ఉన్నట్టా, లేనట్టా?"

దేశమ్మత్తకు ముప్పై ఐదేళ్ళకే చెవులు పోయినాయి.
మగ్గాల మోత తినేసింది.
ఐనా షెడ్డు మధ్య రాతి కూసానికి అరచెయ్యి ఆనించి
"ఏడోదాంట్లో పోగు తెగింది, పోయి చూడండి" అనేది.
పోయి చూస్తే తెగే ఉండేది.

రెండో బిళ్ళ దించినాను.
ప్రసియోడిమియం కాస్త కలిపిన రోగిష్టి బిళ్ళ,
ఎనభై దగ్గరే ఆయాసపడేది.
దాంట్లో బరువు మార్చినందుకు
ఒకటిన్నర డిగ్రీ జారింది.
గట్టి బిళ్ళ దాచుకున్నదేదో
నీరసపు బిళ్ళ బయటపెట్టింది.
పెట్టింది గానీ,
రాగి అణువుల అయస్కాంతపు గొడవ ఇంకొకటుంది.
వణుకు ఈ పెళ్ళికి పెద్దో,
పందిట్లో ఊరికే తిరిగే చుట్టమో,
నాకంటే చదువుకున్నోళ్ళు
నేను పుట్టకముందు నించీ కొట్టుకుంటానే ఉండారు.
నోటుబుక్కులో మూడో వంతు అట్లే రాసినాను.
కొట్టెయ్యలేదు.

మిగిలిన చుక్కల్లో చెంగల్రాయుడు
బిళ్ళమీద చిన్న అయస్కాంతం వదిలినాడు.
గాల్లో నిలబడింది.
గోటితో తోస్తే గిరగిరా తిరిగింది.
కొండమీద లైట్లు వెలవెలబోయే వేళకి
బిళ్ళ వేడెక్కి, అయస్కాంతం
ముసలోళ్ళు అరుగుమీద కూచున్నట్టు
మెల్లిగా కూలబడింది.
క్యానులో పుల్ల ముంచి చూసినాడు.
"మూడు వేళ్ళుంది. ఆవులకు చాలు."

అతని మోపెడ్ మోత గేటు దాటినాక
వ్యాక్యూం పంపుకు అరచెయ్యి ఆనించినాను.
ఎడమ బేరింగు పోతా ఉంది.
ఇంకా ఎవరికీ వినపడలేదు.