చేతివాటం

ఈడెన్ రేవు వదిలేటప్పుడు ఈశాన్యం అన్నారు,
పదిహేను నాట్స్, నికరంగా.
గాబో దీవి దీపస్తంభం, దాని గులాబీ రాయి
కంటికి ఆనేసరికి
ఈశాన్యం లేదు. ఏ మూలా లేదు.
సముద్రం మాత్రం నిన్నటి గాలిని మరిచిపోలేక
పడవను అటూ ఇటూ పొర్లిస్తోంది.
సొరుగులో చెంచాలు
ఎవరో వడ్డనకి కూర్చున్నట్టు ఒకటే గలగల.

పడవ పేరు మార్గరెట్ ఎన్.
ఎవరి మార్గరెట్టో నాకు తెలీదు.
పేరు మారిస్తే అరిష్టమన్నాడు అమ్మినాయన.
నేను నమ్మలేదు. మార్చనూ లేదు.

నలభై నిమిషాలకి పడమటి నుంచి ఒక విసురు,
లేచి తెరచాప సర్దేలోగా పోయింది.
ఇంకోటి వచ్చింది.
అది నా టోపీతో సహా పోయింది.
చేతివాటం అంటే ఇదే కాబోలు.

మూడో తరగతిలో పద్మాసని టీచరు
నా ఎడమచేతి కణుపుల మీద స్కేలు నిలువుగా పెట్టి కొట్టేది,
పుర్రచేతి వాటం పోవాలని.
పోలేదు.
యాభై మూడేళ్ళు నిండిన ఆ చెయ్యే
ఇప్పుడు చుక్కాని కర్ర మీద ఉంది.

నిలకడ లేనివాణ్ణి మా వైపు
గాలివాటం మనిషి అంటారు,
అదేదో తేలికైన పనైనట్టు.
రండి, బాస్ జలసంధి నోట్లో
ఒక్క పూట గాలివాటంగా బతికి చూపించండి.
తాడు వదులు, తాడు లాగు,
చాప మడత వెయ్యి, మడత విప్పు,
విప్పిన చేత్తోనే మళ్ళీ వెయ్యి.
అరచెయ్యి తొక్క తీసిన చిలగడదుంప అయ్యాక
అప్పుడు అనండి ఆ మాట.

అయినా, వాటం అంటూ ఉంటే
దానికో చెయ్యి ఉండాలి కదా.
గాలిది ఏ చెయ్యి?
కుడి అనుకుని కాచుకున్నప్పుడల్లా ఎడమ చెంప మీద తగిలింది.
ఎడమకి తిరిగితే
అసలెవరూ కొట్టలేదన్నట్టు నిశ్శబ్దం.
సవ్యసాచి.
పద్మాసని టీచరు దీన్నేం చేసేదో.

రేడియోలో డోరీన్, ఈడెన్ ఒడ్డు నుంచి,
పేరు అక్షరాల్లో చెప్పమంది.
హోటల్, ఆల్ఫా, ఇండియా, మైక్, ఆల్ఫా.
హైమ.
గాలి ఎలా ఉంది హైమా?
ఏ నిమిషంలో, అన్నాను.
ఆవిడ నవ్వి, దక్షిణం చూసుకో, అంది.

చూశాను.
చుట్టిన తుంగచాపలా ఒక మబ్బు
నీళ్ళ మీద దొర్లుకుంటూ వస్తోంది.
దానికి ముందు గాలి లేదు, ఎండ ఉంది,
ఒక ఈగ కూడా ఉంది, ఇంత దూరం ఎలా వచ్చిందో.

తర్వాతి పావుగంట నాకు వరసగా గుర్తులేదు.
తాడు ఒకటి చెంప మీద గీసింది.
పద్మాసని టీచర్ని గట్టిగా తిట్టాను,
ఆవిడకేం సంబంధం లేకపోయినా.

పరిగెత్తలేను. ఎదురెళ్ళలేను.
ముందు చాపను తప్పు వైపు కట్టి
చుక్కానిని దానికి ఎదురు తప్పులో బిగించాను.
రెండు తప్పులూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.
పడవ తల కొంచెం పక్కకి వాల్చి
అల ఎక్కింది, దిగింది, ఎక్కింది.
గాలి పైన అరుస్తూనే ఉంది,
కింద నేను అటుకుల్లో నిమ్మకాయ పిండుకుంటున్నాను,
ఎడమచేత్తో.

రాత్రంతా వంటింటి టైమరు ఇరవై నిమిషాలకోసారి లేపింది.
లేచి, ఓడల దీపాలు లేవని చూసి, పడుకోవడం.
తెల్లారేసరికి వెనక్కి పదకొండు మైళ్ళు.
నిన్న పొద్దుణ్ణించీ సంపాదించిందాన్లో సగానికి పైన.
కోపం వస్తుందనుకున్నాను. ఆకలేసింది.

లాగ్ పుస్తకంలో గాలి అని రాసిన గడి
పెన్సిల్‌తో నింపి, రబ్బరుతో చెరిపి,
నింపి, చెరిపి, కాయితం చిల్లిపడింది.
చిల్లిలోంచి రేపటి పేజీ గీతలు కనిపిస్తున్నాయి.

ఫ్లిండర్స్ దీవికి ఎప్పుడు చేరతావంటోంది డోరీన్.
మైకు పట్టుకుని ఆగాను.
మెడ వెనక చెమట మీద
ఏదో చల్లగా, ఇంకా ఏ దిక్కో తేల్చుకోని
చిన్న