టికెట్ వెనుక బాకీ

పొద్దుగాల ఎనిమిది గోలీలు.
తెల్లగ, పెసరగింజలంత.
అవి దిగిన గంటకు
ఇంట్లకు ఇంకో ఆడామె వస్తది.
నా చీరె కట్టుకుంటది, నా గాజులేసుకుంటది,
నా గొంతుతోనే మొత్తుకుంటది.

ఒంట్లె కాపలా ఉండేటోళ్లే
ఒంటిని కొడ్తాన్రట.
వాళ్లను ఆపేటందుకు ఈ గోలీలట.
వీటిని ఆపేటందుకు ఏమున్నదో ఎవరూ చెప్పలే.

పద్నాలుగేండ్లు హన్మకొండ డిపోల కండక్టర్ను.
ఏటూర్నాగారం బండి, ఆఖరి ట్రిప్పు.
జాతర దినాలల్ల మెట్ల మీద నిలవడి
మేకలకు గూడ జాగ సూపెట్టినదాన్ని.
తాగినోడు తిట్టినా
"దిగేటప్పుడు మాట్లాడుదాం పెద్దమనిషీ" అన్న తప్ప
ఒక్కరోజు నోరు జారలే.

ఇప్పుడు చారుల ఉప్పెక్కువైతే
గిన్నె పోయి గోడకు తగుల్తది.
పది రూపాయల తప్పుకు
ఐదువందల కోపం తీస్త.
చిల్లర లేదు నా దగ్గర,
ఎక్కడ దేవులాడినా పెద్దనోట్లే.

మొఖం బూరె లెక్క పొంగింది.
డ్యూటీ కార్డు మీది ఫోటో చూసి
నేనే నన్ను ఆపిన:
"ఏందమ్మా, మొఖం కలుస్తలేదు, దిగు."

మొగిలి మంచోడు.
కొత్తవాడల జంపఖానాలు నేస్తడు.
పోగు తప్పితే ఇప్పి మళ్ల నేస్తడు,
మగ్గాన్ని తిట్టడు.
నన్ను గూడ తిట్టడు.
"నువ్వు గాదే, గోలీలు మాట్లాడుతానయ్" అంటడు.
ఆ మాటకే
అరికాలి మంట నెత్తికెక్కుతది.

కరెంటు బిల్లు కట్టుడు మరిశింది ఎవరు?
లైన్‌మన్ వచ్చి వైరు ఇప్పుకపోతే
ఆ ఉక్కపోతల నిన్ను అడిగింది గోలీలా?
ఆ కోపం నాది.
పెండ్లైన కాన్నుంచి ఉన్నది.
దాన్ని గూడ దవాఖాన చీటీల కలిపితే
నాకంటూ ఏం మిగుల్తది?

నాకు జీరో టికెట్ కొట్టకు మొగిలీ.
ఎక్కిన కాన్నుంచి దిగేదాక లెక్క రాయి.

ఏది గోలీది, ఏది నాది?
ఎంజీఎంల డాక్టరమ్మను అడిగిన.
ఆమె పెన్ను ఆపి, కొంచెంసేపు నా దిక్కు చూసి
"ఒక్కసారే బంద్ చెయ్యొద్దు, మెల్లగ తగ్గిద్దాం" అన్నది.
ఎనిమిది, ఆరు, నాలుగు.
నా ప్రశ్న ఆ లెక్కల లేదు.

రాత్రి మూడింటికి పోపుడబ్బా కడుగుత.
ఆవాలు ఏరుకుంట ఏడుస్త.
ఎందుకో తెల్వదు, ఆవాలు మంచిగనే ఉంటయ్.

మొన్న మంగళారం
రవళికి జడలేస్తాన.
ఒకటైంది. రెండోదాంట్ల చిక్కు పడ్డది, గుంజిన.
"అబ్బా" అన్నది పిల్ల.
"నువ్వు పుట్టినంకనే నాకు ఈ రోగం" అన్న.

అన్నంక దువ్వెన చేతులనే ఉన్నది.
పిల్ల లేచి, సంచి ఏసుకొని
ఒక్క జడతోనే బడికి పోయింది.

చిల్లర లేనినాడు
టికెట్ వెనుక బాకీ రాసి
గీత గీసిస్తుంటి.
"దిగేటప్పుడు యాది చెయ్యి" అంటుంటి.
యాది మరిచి దిగిపోయినోళ్ల రూపాయలు
నడిజాము దాక కండ్లు మూయనిచ్చేటియి కావు.
ఈ సంగతి రవళికి ఎన్నిసార్లు చెప్పిన్నో.

పొద్దుమూకినంక
ఓ పాత టికెట్ తెచ్చి నా ముంగట పెట్టింది.
వెనుక పెన్సిల్ రాత, కింద గీత:
"రావలసింది: ఒక జడ."

రాత్రి తొమ్మిదింటికి
పండుకునే పిల్లకు జడేసిన.
ఏళ్లు వణుకుతానయ్, పాయలు జారుతానయ్.
రిబ్బన్ గూడ కట్టుమన్నది. కట్టిన.
ఆ మాట గురించి తను అడగలే.
చెప్పబోతే నా నోట్లె
మళ్ల పెద్దనోటే అడ్డం పడ్డది.

మొగిలి బిల్లు కట్టిన రసీదు తెచ్చి
టీవీ మీద పెట్టిండు, నాకు కనపడేటట్టు.
కనపడ్డది. ఇంక మాట్లాడలే.

టికెట్ నా సంచిలనే ఉన్నది.
జడను కొట్టేసిన.
దాని కింద ఇంత జాగ మిగిలితే
నా చేతి రాతతోనే రాసుకున్న:
"ఇయ్యవలసింది: ఒక మాట."

ఎల్లుండి నుంచి ఆరు గోలీలు.