పై మడి, కింది మడి

దెన్‌పసార్ నుంచి వచ్చిన పిల్ల
అరుగు మీద లాప్‌టాప్ తెరిచింది.
తెరనిండా గళ్ళు. కొన్ని పచ్చవి, కొన్ని ఎర్రవి.
ఒక్కో గడీ ఒక్కో రైతట.
కోతలయ్యాక పక్కలకి చూస్తుందట,
ఎవరి గాదె బాగా నిండితే
వచ్చే పంటకి వాళ్ళలాగే నాటుతుందట.
అంతకుమించి దానికేం తెలీదు.
మీట నొక్కింది. కాసేపు గందరగోళం.
తర్వాత పచ్చ పక్కన పచ్చ చేరి
కొండవాలంతా ఒక్క రంగయింది.

"చూశారా పాక్ స్వెచా, ఎవరూ చెప్పకుండానే!"

చూశాను.
ఆ గళ్ళలో నేనెక్కడో వెతుక్కున్నాను.

పై మడి నా వంతుకొచ్చిన కొత్తలో
నీళ్ళు నన్ను దాటాకే కిందికి పోయేవి.
నీరు పల్లమెరుగు,
పల్లంలో ఎవరున్నారో నేనెరగాలా?
కాలవకి అడ్డంగా కొబ్బరి దుంగ,
దానికి రెండు గాడులు,
నాదొకటి, రస్మినిదొకటి.
ఒక రాత్రి మచ్చుకత్తితో నా గాడిని
బొటనవేలంత వెడల్పు చేశాను.

పొద్దున్నే వచ్చింది రస్మిని.
గాడిలో వేలు పెట్టి చూసింది.
కొత్త చెక్క తెల్లగా, దొంగ పన్నులా ఉంది.
పల్లెత్తు మాట అనలేదు.
ఆ ఏడు మాత్రం నెల ఆలస్యంగా నాటింది.
కొండంతా కోసి మళ్ళు ఎండబెట్టినప్పుడు
ఆమె మడి ఒక్కటే పచ్చగా ఉంది,
పురుగుకీ ఎలుకకీ అన్నసత్రంలా.

నీళ్ళు కిందికే పోతాయి.
ఎలుకలకి ఆ నియమం లేదు.

నా కొత్త నాట్లలో సుడిదోమ
గుండ్రంగా, కాల్చినట్టు మచ్చలు పెట్టింది.
మిగిలింది ఎలుకలు కొరికాయి.
ఆమె గాదె కూడా సగమే నిండింది.
నాకు బుద్ధి చెప్పడానికి
తన పిల్లల గిన్నెలోంచి ఖర్చుపెట్టింది.
ఆ లెక్క నాకిప్పటికీ తేలదు.

నేనే వెళ్ళి తప్పొప్పుకున్నానని చెప్పాలనుంది.
కాదు.
తర్వాతి పంటకి ఆమే వచ్చింది,
"నారు ఏ రోజు పోద్దాం?" అంటూ.
చేతిలో రెండు కాఫీ గ్లాసులు.
అడుగున మడ్డి తేరేదాకా ఇద్దరం మాట్లాడలేదు.
ఆ రాత్రి నా గాడిలోకి
వెదురు ముక్క ఒకటి కొట్టాను,
బొటనవేలంత.

"ఇందులో ఆ కాఫీ ఎక్కడుంది?" అని అడిగాను పిల్లని.
ఆలోచించింది. "క్షమకి ఒక అంకె పెట్టొచ్చు," అంది,
"పదిసార్లలో ఎన్నిసార్లు అని."
"ఎన్ని పెడతావు?"
వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

నేను మంచివాణ్ని కాదమ్మా,
ఎలుకలకి జడిసినవాణ్ని.
కానీ ఎలుక ఒక్కటీ రాని ఏళ్ళలో కూడా
రోజూ దుంగ దగ్గర ఆగి
గాడిలో చెత్త తీస్తాను, ముందు ఆమెది.
ఎందుకో చెప్పలేను.
వెదురు నాని, ఉబ్బి, చెక్కలో కలిసిపోయింది.
వేలు పెడితే
అతుకెక్కడో తెలియడం లేదు.