షేడ్ కార్డు

శుక్రవారం. రుస్తాక్ దారిల టాక్సీ దిగి
గుట్టెక్కుతున్నం, లస్మన్నా నేనూ.
ఎక్కినకొద్దీ లోయ రంగులు విప్పుతున్నది:
చిలుము పట్టిన రాగి, వంకాయ తొక్క,
కాలిన ఇటుక, అడుగున ఖర్జూరాల పచ్చ.
పన్నెండేండ్లుగా మస్కట్ల
మేం వేసినవి రెండే:
తెలుపు, మీగడ తెలుపు.

కోటంటే మిగిలింది సగం బురుజు.
మరిగే ఖర్జూరపాకం పోసేవాళ్ళట ఈ కన్నంలోంచి.
లస్మన్న వంగి చూసి
"శత్రువెవ్వడూ లేడు, మన టాక్సీవాడే" అన్నడు.

గోడను గోటితో గీరిండు.
"ప్రైమర్ లేదు, పుట్టీ లేదు,
ఎట్ల నిలబడ్డదిరా?"
జర మన్ను రాలింది.

జేబులోంచి షేడ్ కార్డు తీసి
గోడకానించి వరసగా పోల్చిండు.
ఒక్కటీ కలవలే.
రంగు ఊడిపోయిన గడి ఒకటుంటే
ఉమ్మితో ఆ మన్ను అద్ది
నా చేతికిచ్చిండు:
"నంబరు నువ్వెయ్."