అరవై రెండు గుర్రాలు

పిక్స్‌లీ ఊరికి పడమర, ఆగస్టు, పొద్దున ఆరున్నర.
అప్పటికే మోటారు ఒంటి మీద చెయ్యి ఆనడం లేదు.
దెల్ఫినా మషాదో చెవిమిషను తీసి జేబులో వేసుకుంది.
పొడుగాటి స్క్రూడ్రైవరు కొన బేరింగు మీద పెట్టి
పిడిని కణతకు ఆనించి
కళ్లు మూసుకుంది.
"సగం కూడా లేదు" అంది.
"రాసుకో. తర్వాత నీ డబ్బాలు దింపుకో."

డబ్బాలు దింపుకున్నాను.

ముందు మీటరు.
గాజు వెనక పళ్లెం తిరుగుతుంది, అంచున ఒక నల్ల గీత.
గీత ఎదురుపడగానే వాచీ నొక్కాలి,
పది చుట్లు, రెప్ప వెయ్యకుండా.
యాభై తొమ్మిది సెకన్లు.
నమ్మకం చాలక మళ్లీ పది. యాభై తొమ్మిదే.
కరెంటు నాడి పట్టుకోవడానికి
నాకు తెలిసిన చోటు ఇదొక్కటే.

తర్వాత నీళ్లు.
పైపు బెజ్జంలోంచి సన్నటి ఇత్తడి నాళం దూర్చి
వచ్చే వడికి ఎదురు నిలబెట్టాను.
నిమిషానికి ఆరువందల నలభై గ్యాలన్లు.

ఇక లోతు.
కేసింగు పక్క సందులోంచి తీగ వదిలాను.
నూరడుగులు.
రెండొందలు.
చేతిలో చక్రం పలచబడుతోంది,
కుక్క వచ్చి వాసన చూసి విసుగెత్తి పోయింది,
వదులుతూనే ఉన్నాను.
మూడొందల ఇరవై ఎనిమిది దగ్గర
సూది ఉలిక్కిపడింది.

ట్రక్కు బానెట్టు మీద కాగితం పరిచి లెక్క వేశాను.
తీగల్లోంచి లోపలికి వెళ్లినవి నూటపదిహేడు గుర్రాలు.
నీళ్లు వీపున వేసుకుని పైకొచ్చినవి
యాభై అయిదు.
నూటికి నలభై ఏడు.
దెల్ఫినా చెవిమిషను పెట్టుకుని
గెలిచినట్టు కాదు, జ్వరం చూసినట్టు తలాడించింది.

"మిగతా అరవై రెండూ ఏవి?"

ఏడు ఇక్కడే, ఈ ఇనుములో, మన అరచేతుల్ని కాలుస్తున్నాయి.
మోటారుది తప్పు లేదు, అది మంచి మోటారు.
యాభై అయిదు మాత్రం కింద ఉన్నాయమ్మా,
ఇసుక తిని అరిగిన రెక్కల మధ్య
ఎత్తిన నీళ్లనే మళ్లీ ఎత్తుకుంటూ,
జారుతూ,
చీకట్లో గానుగ తిరుగుతూ.

"కొత్త రెక్కలు వేస్తే?"
నూటికి అరవై ఆరు రావచ్చు.
బిల్లులో పావు వంతు పైనే మిగులుతుంది.
ఈ మాట నేను వారానికి పదిసార్లు చెబుతాను,
జీతం ఇచ్చేది దానికే.

ఆమె కంచె అవతలికి చూసింది.
"హార్గిస్ పోయినేడు వేయించాడు.
మిగిలిన డబ్బుతో ఇంకో నలభై ఎకరాలు
పిస్తా నాటాడు."

నా కాగితంలో దానికి గడి లేదు.

ఆమె బోరు చుట్టూ ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చుంది.
కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి.
"మా నాన్న పోయించినప్పుడు ఇది నేలకు సమంగా ఉండేది.
గడప దాటినట్టు దాటేదాన్ని.
వచ్చినవాళ్లంతా దిమ్మ పైకి లేచిందంటారు."
బూటు మడమతో దిమ్మను రెండుసార్లు తన్నింది.
"ఇది కదల్లేదు.
దిగింది మేము."

మోటారు తన పాటికి తాను మూలుగుతోంది.
నేలను ఖాళీ చేసిన నీటికి
ఎన్ని గుర్రాలు ఖర్చయ్యాయో చెప్పగలను.
దిగిన నేలను తిరిగి ఎత్తడానికి ఎన్ని కావాలో
ఆమె అడగలేదు.
అడక్కపోవడమే మేలయింది.

పోయేముందు స్విచ్చుల పెట్టె తలుపు తెరిచాను.
లోపలి రేకు మీద నాకన్నా ముందొచ్చిన వాళ్ల రాతలు:
డెబ్బై తొమ్మిదిలో నూటపద్దెనిమిది, పెన్సిలుతో.
తొంభై నాలుగులో నూటడెబ్బై ఒకటి.
రెండువేల తొమ్మిది, రెండొందల నలభై ఆరు.
పదహారులో మూడొందల ఏడు, చెయ్యి వణికినట్టుంది,
లేదా పెన్ను అయిపోవచ్చింది.

వాటి కింద నాది రాశాను.
కింద తుప్పు మొదలయ్యే దాకా
ఇంకో రెండు అంకెలకు చోటుంది.