పాలుకిచ్చిన మేక

దేవరకద్ర బడి, తొమ్మిదో తరగతి, ఆఖరి పీరియడ్.
షేరు అంటే వాటా అని బోర్డు మీద రాసిన.
నేనూ కొత్తగనే నేర్చుకుంట చెప్తున్న,
పిల్లలకంటె ఒక్క పేజీ ముందుండి.

"వాటా అంటే పాలు" అన్న.
వెనక బెంచీల ఎవడో
గ్లాసు పట్టినట్టు చెయ్యి చాపిండు.
తరగతంత నవ్వింది.

కురుమూర్తి లేచిండు.
"మా అవ్వ మేకను పాలుకిచ్చింది సార్,
చిన్నరాజమూరోళ్లకు.
మేపేది వాళ్లు. ఈనిన రెండింట్ల ఒకటి మాది.
గిదేనా షేరంటే?"

గదే అన్న.
డివిడెండు అన్న మాట కొట్టేసి
మేకపిల్ల అని రాసిన.

"మరి మేక సస్తే?"
కిటికీ పక్కనుంచి నాగవేణి.
నేను పుస్తకం తిప్పేలోపు కురుమూర్తే చెప్పిండు:
"తోలు తెచ్చి చూపిస్తరు. ఇద్దరికీ పోతది."

పోయిన నెల నా ఫోన్ల
పదకొండు వేలు సచ్చినయి.
ఎవరూ తోలు తెచ్చి చూపలే.
ఈ సంగతి ఇంట్ల కూడ చెప్పలే.

గంట కొట్టిండ్రు.
సంచి భుజానికేసుకుంట కురుమూర్తి
"కొనేముందు నోరు తెరిచి పండ్లు చూడాలె సార్" అన్నడు.

మేక సంగతే అనుకుంట.