నలభై ఏడో పేజీ అడుగున

నాకు చదువు రాదు.
నలభై ఏడో పేజీ మాత్రం చూడకుండ చెప్త.

జాడి నెహెమ్యా అయ్యగారు సిరొంచకు వచ్చిన నాడు
మంచిర్యాలల రైలు దిగి, చెన్నూరు దిక్కు నుంచి
నా పడవలనే దాటిండు.
ఒక లాంతరు, అమ్మగారి చేతిల కోడి, ఒక ట్రంకు పెట్టె.
పెట్టె బరువుకు పడవ ఓ పక్కకు ఒరిగితే
"బంగారమా అయ్యా?" అన్న.
"చచ్చిపోయినోళ్ళ పేర్లు" అన్నడు.
రెండు రూపాయలు ఎక్కువ అడిగిన.

చాందాల బడిపంతులు, తర్వాత డీకను,
నాగపూరు అధ్యక్షుడు తలమీద చెయ్యి పెట్టి
గురువును జేసినంక ఈ ఏటి ఒడ్డున ముప్పయ్యొక్క ఏండ్లు.
పెద్ద గుడికి రమ్మని రెండుమాట్లు కాగితమొచ్చింది.
రెండుమాట్లు దాన్ని తిరగేసి
ఎనక దిక్కు ఏదో రాసుకున్నడు.

ఆదివారం తెల్లంగి. సోమవారం నుంచి ఊర్లు.
అంకీస, ఆసరెల్లి, టేకు డిపో ఎనక గుడిసెలు.
ముసలోళ్ళ పక్కన గొంతుకూర్చుని
"గత్తరొచ్చిన సాలు ఎవలెవల్ని పూడ్చిన్రు? ఎక్కడ?" అని అడుగుడే.
బాప్తిస్మం బుక్కుల చెదలు తిన్న పేర్లను
వాళ్ళ నోట్లెకెంచి తీసి మల్ల రాసుడే.
"ఈయనకు బతికున్నోళ్ళు కంటికి ఆనరు" అనేది అమ్మగారు.
అబద్ధం గాదు. నా బిడ్డ పెండ్లికి వచ్చి
అన్నం తినకుండ మా మేనత్త పక్కన కూసున్నడు.

ఎండకాలం. ఏరు సన్నగ పారుతాంది.
పాత నోటుబుక్కు పట్టుకొని ఇసుకల ఉరికొచ్చిండు.
మొదటి సీమ పాదిరి రాసుకున్నదట:
'శ్రావణంల వరద. నిజాం ఇలాకకు
దాటిచ్చినోని పేరు నావే. పైసలు తీసుకోలేదు.'
"ఈ నావే ఎవరు?" అన్నడు.
అట్లాంటి పేరు మా బెస్తోళ్ళల్ల ఉండదన్న.

ఇద్దరం ఇసుకల కూసున్నం.
ముందుగాల నవ్వింది ఆయననే.
చాందాల మరాఠీ నేర్చుకొనొచ్చిన దొర
"నావ్ కాయ్?" అని ఉంటడు, పేరేందని.
మా తాత ఒడ్డున ఆగిన దాన్ని చూపిచ్చి
"నావే దొరా" అని ఉంటడు, ఇంకేమంటడు.
డెబ్బై ఏండ్లు మా తాత
పడవయ్యి పుస్తకంల పడున్నడు.
"సీమల గుడి నడిమి భాగాన్ని గూడ ఓడ అనే..." అని
ఏదో చెప్పవోయి, ఆగి, కండ్లద్దాలు తుడుచుకొని
బడిపిల్లగాని లెక్క అడిగిండు:
"ఇంతకీ మీ తాత పేరు?"

గట్టు మొండయ్య.

పుస్తకం అచ్చుకు పోయింది. నాగపూరు నుంచి మాట:
పైసలు తక్కువున్నయి,
పేజీల అడుగున చిన్నక్షరాల రాతలు తీసెయ్యాలె.
తీసేసిన్రు.
రెండు వందల పుస్తకాలు కట్టలుగట్టి నా పడవలనే వచ్చినయి.
ఆ రాత్రి అయ్యగారు చీటీలు కోసిండు,
నా ఇంటామె గంజి కాసింది,
లాంతరు కాడ నలుగురం రెండు వందల మాట్లు అతికిచ్చినం:
'నావే అనునది పేరు కాదు.
ఆయన గట్టు మొండయ్య, బెస్త, సిరొంచ.'
కొన్ని వంకరపోయినయి.
ఒకదాని కింద చీమ అతుక్కపోయింది.

ఇప్పుడు వంతెన అయ్యింది.
నా పడవ వాకిట్ల బోర్ల పడి ఉన్నది, కింద కోళ్ళు.
మంచిర్యాల దవాఖాన నుంచి అయ్యగారు వ్యాన్ల వచ్చిండు,
వంతెన మీదికెంచి, నిమిషంల.

సావు కాగితానికి అమ్మగారు నన్ను తోలింది.
బల్ల ఎనక కొత్త పిల్లగాడు తల ఎత్తకనే
"నావ్ కాయ్?" అన్నడు.
నవ్వొచ్చింది. గట్టిగనే నవ్విన. ఆఫీసంత తిరిగి చూసింది.
జాడి నెహెమ్యా, అన్న. గురువు. పుస్తకం రాసినోడు.
వాడు రాసింది పక్కనోనితోని చదివిపిచ్చుకున్న.
'నేమయ్య' అని ఉన్నది.

కొట్టెయ్యి కొడుకా, అన్న.
మల్ల రాయి. నేనేడికి పోను.